పెద్దప్రేగు: నిర్మాణము, ధర్మము, దానిపట్ల మన తొందర

కోదాడకు సమీపమున గల చిలుకూరు నుండి పదవీ విరమణ చేసిన తెలుగు పండితులొకరు నా వద్దకు వచ్చినారు. (ఇది బాలాజీ చిలుకూరు కాదు, సూర్యాపేట జిల్లాలోని మండల కేంద్రము.) కూర్చుండుటకు ముందే చేతిసంచి విప్పి బల్లపై నాలుగు పొట్లములు, రెండు సీసాలు వరుసగా పేర్చినారు. ఒకటి సునాముఖి చూర్ణము, ఒకటి త్రిఫల, ఒకటి మందుల దుకాణములో కొన్న విరేచన మాత్రలు, ఒకటి పేరు లేని నల్లని గుళికలు. సీసాలలో ఒకదానియందు ఆముదము, రెండవదానియందు ఎవరో కాచి ఇచ్చిన కషాయము.

"డాక్టరుగారూ, పన్నెండేండ్ల నుంచి ఒక్కరోజు తప్పకుండ వీటిల్లో ఏదో ఒకటి వాడుతున్న. అయినా కడుపు ఖాళీ అయినట్టు ఉండదు. లోపల మిగిలిందంతా రక్తంలో కలిసి విషమైతదేమోనని భయం" అన్నారు.

"మందు వేసుకొనకుంటే ఎన్నాళ్ళకొకసారి అవుతుంది సారూ?" అని అడిగితిని.

"రెండు రోజులకు. ఒక్కోసారి మూడు. అది రోగం కాదా?"

కాదు. దినమునకు మూడుమార్లు మొదలు వారమునకు మూడుమార్లు వరకు, శ్రమ లేకుండ, మెత్తగా విరేచనమగుచున్నంత వరకు అది ఆ మనిషి ప్రకృతియే గాని వ్యాధి కాదు. కాని పండితులవారు అంత సులభముగా ఒప్పుకొనువారు కారు. సర్వరోగములకు ప్రకోపించిన మలములే కారణమని వాగ్భటుడు అష్టాంగహృదయ నిదానస్థానములో చెప్పినాడు గదా అని శ్లోకము చదివి వినిపించినారు.

ఈ శ్లోకమును విననివారు అరుదు. ఎన్నో మందుల ప్రకటనలలో దీనిని వాడుకొన్నారు. అయితే ఇచట "మలములు" అనగా వాత పిత్త కఫములు. అవి ప్రకోపించి దేహమును మలినము చేయును గనుక ఆ పేరు. శాస్త్రములో దోషములను మలములనుట పరిపాటి. వ్యాఖ్యాతలు కూడ ఈ అర్థమునే చెప్పినారు. అక్కడ ఉన్నది పురీషము కాదు. ఒక్క పదమునకు వేరొక అర్థము చెప్పుకొనుటచేత ఎన్ని ఇండ్లలో ఎంత విరేచన చూర్ణము ఖర్చగుచున్నదో!

మన వారిని మాత్రమే అనుట న్యాయము కాదు. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఐరోపా వైద్యులలోనూ ఇట్టి భయమే ప్రబలినది. 1908లో నోబెల్ బహుమానము పొందిన మెచ్నికాఫ్ వంటి శాస్త్రవేత్త పెద్దప్రేగు మనిషికి అక్కరలేని భారమనియు, అందలి సూక్ష్మజీవులు దేహమునకు విషము నెక్కించుననియు తలచినాడు. లండనులోని శస్త్రవైద్యుడు ఆర్బత్‌నాట్ లేన్ మలబద్ధకము గలవారికి ఏకముగా పెద్దప్రేగునే కోసి తీసివేసెడివాడు. ఆ సిద్ధాంతము ఆ తరముతోనే పోయినది. పులిసిన పాలు మంచివని మెచ్నికాఫ్ చెప్పిన మాట మాత్రము నిలిచినది. అది మన మజ్జిగ ముంతకు క్రొత్త సంగతి కాదు.

అక్కరలేదని వారనుకొన్న ఆ అవయవము నిజముగా ఏమి చేయునో తెలిసికొన్నచో భయము సగము పోవును.

పెద్దప్రేగు ఎక్కడ, ఎట్లున్నది

కుడిచేతిని పొట్టపై కుడి తొడ మొదలుకు కొంచెము పైగా ఉంచుడు. చిన్నప్రేగు ముగిసి పెద్దప్రేగు మొదలగు చోటు అదియే. చిన్నప్రేగు సుమారు ఇరువది అడుగుల పొడవు గలది. పెద్దప్రేగు ఐదడుగులు మాత్రమే. పొడవున చిన్నదైనను లావున పెద్దది గనుక దీనికి ఆ పేరు. మొదట రెండు మూడంగుళముల వెడల్పుతో మొదలై చివరకు పోవుకొలది సన్నగిల్లును.

రెండు ప్రేగులు కలియు చోట ఒక కవాటము కలదు. ఇది లోనికి వచ్చినదానిని వెనుకకు పోనీయదు. దానికి దిగువన సంచివలె వ్రేలాడుచున్న భాగము అంధనాళము. దాని నుండి చిటికెనవ్రేలంత లావున, మూడు నాలుగంగుళముల పొడవున ఒక తోక బయలుదేరును. అదియే అపెండిక్స్, మన పాఠ్యపుస్తకములు దీనిని ఉండూకమనును. సుశ్రుతము చదువువారు ఇచ్చట జాగ్రత్తగా ఉండవలెను: సుశ్రుతుని ఉండుకమును పలువురు ఆధునిక వ్యాఖ్యాతలు అంధనాళముగా గ్రహించినారు. పేరొకటే గాని అవయవములు రెండు.

అంధనాళము నుండి చేతిని నిలువుగా పైకి, కుడి ప్రక్కటెముకల క్రింది వరకు జరుపుడు. ఇది ఆరోహణ స్థూలాంత్రము. కాలేయము క్రింద అది మలుపు తిరిగి అడ్డముగా ఎడమకు పోవును. బొడ్డుకు పైగా వ్రేలాడు తోరణము వంటి ఈ భాగమే అన్నిటికంటె పొడవైనది, సుమారు అడుగున్నర. ఎడమ ప్రక్కన ప్లీహము వద్ద మరల మలుపు తిరిగి క్రిందికి దిగును. ఆ మలుపు బాగుగా ఎత్తున ఉండును. వాయువు అక్కడ చిక్కుకొన్నప్పుడు ఎడమ ప్రక్కటెముకల క్రింద పట్టివేసినట్లయి గుండెనొప్పి యని కొందరు భయపడుదురు. (భయపడి చూపించుకొనుట మంచిదే. గుండెనొప్పిని గ్యాసు నొప్పి యనుకొని ఇంట కూర్చున్నవారే ఎక్కువ నష్టపోయినారు.) క్రిందికి దిగిన ప్రేగు ఎడమ తొడ మొదలు వద్ద మెలిక తిరిగి, పిదప పురీషనాళముగా మారి, చివరి అంగుళమున్నరలో గుదమార్గముగా వెలికి తెరచుకొనును.

చిన్నప్రేగు గొట్టము నున్ననిది. పెద్దప్రేగు అట్లు కాదు. పూలచెండ్లు వరుసగా గ్రుచ్చినట్లు బుడిపెలు బుడిపెలుగా ఉండును. దాని గోడపై నిలువునా మూడు కండర పట్టీలు కలవు. అవి ప్రేగుకంటె పొట్టివి. లంగా బొందును లాగినప్పుడు గుడ్డ కుచ్చులు పడునట్లు ఈ పట్టీల బిగువుచే ప్రేగు కుచ్చులు పడి గదులుగా ఏర్పడినది. ఈ గదులే దాని పనికి ఆధారము: లోనికి వచ్చినది ఒక్కసారిగా జారిపోక, గది గదికి ఆగుచు, అటునిటు పొరలుచు, మెల్లగా సాగును. లోపలి పొరపై చిన్నప్రేగులోవలె వెంట్రుకల వంటి చూషకములు లేవు. వానికి బదులు లోతైన గుంటలు, వానిలో జిగురును స్రవించు కణములు లెక్కకు మిక్కిలిగా ఉండును. గట్టిపడుచున్న మలము గోడను ఒరిసికొనకుండ ఈ జిగురు కాపాడును.

ప్రాచీనులు ఎంత చూచినారు

శవమును పంజరములో నుంచి పారుచున్న నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పిదప పొర పొరగా గీకి చూడవలెనని సుశ్రుతుడు శారీరస్థానములో విధించినాడు. అట్లు నానవేయుటకు ముందే ప్రేగులలోని పురీషమును తీసివేయవలెనని కూడ చెప్పినాడు. చేతితో చేసి చూచినవాడు మాత్రమే చెప్పగల మాట అది. పురుషుని ప్రేగుల పొడవు మూడున్నర వ్యామములని ఆయన లెక్క. చేతులు రెండు ప్రక్కలకు చాచినంత దూరము ఒక వ్యామము. ఆరడుగులనుకొన్నచో మొత్తము ఇరువది యొక అడుగులు. నేటి కొలతకు ఇది దూరము కాదు.

చరకుడు కోష్ఠాంగములు పదునైదింటిని చెప్పుచు క్షుద్రాంత్రమును, స్థూలాంత్రమును, పక్వాశయమును, పురీషాధారమును విడివిడిగా పేర్కొన్నాడు. సుశ్రుతుని సప్తకళలలో ఐదవది పురీషధరా కళ. పక్వాశయమునందుండి మలమును వేరుచేయుట దాని పని. గుదము నాలుగున్నర అంగుళములనియు, అందు ప్రవాహణి, విసర్జని, సంవరణి యను మూడు వళులు కలవనియు అర్శోనిదానములో ఉన్నది. నెట్టునది, విడుచునది, మూయునది యని ఆ పేర్ల అర్థము. నేటి శాస్త్రము ఇదే చోట మన వశములో లేని లోపలి కండర వలయమును, మన వశములో నున్న వెలుపలి వలయమును చూపుచున్నది. ఒకదానికొకటి అచ్చముగా సరిపోవునని నేను వాదించను. పనిని బట్టి పేరు పెట్టిన తీరు మాత్రము మెచ్చదగినది.

లోపల జరుగు పని

మనము త్రాగు నీరు, తిను ఆహారములోని నీరు, లాలాజలము మొదలు పిత్తము వరకు దేహము స్వయముగా స్రవించునది – అంతయు కలిసి దినమునకు సుమారు తొమ్మిది లీటర్ల ద్రవము జీర్ణమార్గములోనికి చేరును. చిన్నప్రేగు అందులో చాల భాగమును పీల్చుకొని ఒకటిన్నర లీటరు మాత్రము కవాటము దాటించును. అది గంజివలె పలుచనైన పదార్థము. పెద్దప్రేగు దానిలోని నీటిని, ఉప్పును మరల రక్తములోనికి లాగుకొని, చివరకు నూరు నూటయేబది మిల్లీలీటర్ల నీరు మాత్రము మలముతో వెలికి పంపును. ఎండకాలములో పొలమునందు చెమటోడ్చు మనిషికి ఈ పొదుపు ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. నీరు చాలనప్పుడు ప్రేగు మరింత గట్టిగా పిండుకొనును. మలము మేక పెంటికలవలె మారును. వేసవిలో ఎక్కువమందికి కలుగు మలబద్ధకమునకు కారణము ఇదియే.

రెండవ పని మరింత వింతయైనది. చిన్నప్రేగు అరిగించుకొనలేని పీచు, కొంత పిండిపదార్థము ఇక్కడికి చేరును. ఇక్కడ సూక్ష్మజీవుల సంత కలదు. ఒక మనిషి దేహములోని బాక్టీరియా సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016లో లెక్క కట్టినారు; వానిలో అత్యధిక భాగము పెద్దప్రేగులోనివే. ఇవి ఆ పీచును పులియబెట్టి కొన్ని ఆమ్లములను తయారుచేయును. అందులో బ్యూటిరేట్ అనునది ప్రేగు గోడ కణములకు ముఖ్యమైన ఆహారము. అనగా పెద్దప్రేగు లోపలి పొర చాలవరకు రక్తము నుండి కాక, తనలో పులిసినదాని నుండియే బలము పొందుచున్నది. మనము పీచు తినకున్నచో ఆ పొరకు తిండి తగ్గును. కె విటమినును, కొన్ని బి విటమినులను కూడ ఈ జీవులు కొంత తయారుచేయును. పులియుటలో పుట్టు వాయువే అపానవాయువుగా పోవును. అది పోవుట ఆరోగ్య లక్షణమే గాని సిగ్గుపడవలసినది కాదు. పక్వాశయము వాతమునకు ముఖ్యస్థానమని మన శాస్త్రము చెప్పినదిచ్చటనే.

మూడవది నిలువచేసి, సమయము వచ్చినప్పుడు పంపుట. దినమునకు రెండు మూడుమార్లు మాత్రము ప్రేగులో ఒక పెద్ద కదలిక పుట్టి మలమును పురీషనాళము వైపు త్రోయును. ఇది భోజనము పిదప, ముఖ్యముగా ఉదయపు ఆహారము పిదప బలముగా వచ్చును. ఉదయమున వేడినీరో, కాఫీయో త్రాగిన వెంటనే కదలిక కలుగుటకు కారణము ఈ సంబంధమే. తిన్నది ప్రేగు మొదటి నుండి తుదకు చేరుటకు ఒక దినము నుండి మూడు దినముల వరకు పట్టవచ్చును. నిన్నటిది నేడే పూర్తిగా పోవలెనను నియమము దేహములో ఎక్కడను లేదు.

ఇప్పుడు పండితులవారి పొట్లముల సంగతి చూతము. సునాముఖిలోని సారము చిన్నప్రేగులో పని చేయదు. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు దానిని విడగొట్టిన పిదపనే అది గోడను రెచ్చగొట్టును. రాత్రి తిన్న చూర్ణము తెల్లవారుజామున పని చేయుట అందుచేతనే. ఆ దెబ్బకు ప్రేగు చాలవరకు ఖాళీయగును. ఖాళీయైన ప్రేగు మరల నిండుటకు సహజముగా రెండు మూడు దినములు కావలెను. కాని మరునాడు కదలిక లేకపోవుటను చూచి మనిషి "మరల బిగిసినది" యని భయపడి మరల చూర్ణము వేసికొనును. వ్యాధి లేదు, మందే మరుసటి దినపు మలబద్ధకమును సృష్టించుచున్నది. పన్నెండేండ్లు ఆయన తిరిగినది ఈ చక్రములోనే.

ఏండ్ల తరబడి సునాముఖి వాడినవారి ప్రేగు లోపలి పొర నల్లబారును. అది తనంతట తాను ప్రమాదకరము కాదు, మందు మానిన కొన్ని నెలలకు పోవును. ప్రేగు శాశ్వతముగా చచ్చుబడునని కొందరు వ్రాయుచున్నారు గాని, మితముగా వాడినవారి విషయములో అంతటి మాటకు తగిన ఆధారము లేదు. మితిమీరి వాడువారికి ముఖ్యమైన అపాయము మరొకటి: నీటితో పాటు పొటాషియమను లవణము పోవుట. రక్తపోటుకు నీరు పోవు మాత్రలు వాడు పెద్దలలో ఇది కండరముల నీరసమునకు, గుండె లయ తప్పుటకు దారితీయవచ్చును.

సాగరు నీరు, తెల్లని అన్నము

నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ క్రింద కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతముల మెట్ట పొలములు క్రమముగా మాగాణి అయినవి. జొన్న, సజ్జ పండిన చోట వరి వచ్చినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పెట్టింది పేరైనది. ఆకలి తీరినది, అప్పు కొంత తీరినది. ఆ మేలును తక్కువ చేసి మాటలాడువాడు ఆ కరవు దినములను ఎరుగనివాడు.

అయితే కంచములో ఒక మార్పు వచ్చినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల జొన్నలలో పీచు సుమారు 10 గ్రాములు, సజ్జలలో 11 గ్రాములకు పైగా కలదు. మరపట్టిన తెల్లని బియ్యములో అది 3 గ్రాములకు లోపే. పెద్దవారికి దినమునకు 25 నుండి 30 గ్రాముల పీచు కావలెను. మిల్లులో బియ్యమును తెలుపు చేయగా రాలిన తవుడు నూనె తీయుటకును పశువుల దాణాకును పోవుచున్నది. ఆ తవుడే మన పెద్దప్రేగు కోరునట్టిది; ఈ విషయములో మన బఱ్ఱె మనకంటె అదృష్టవంతురాలు.

ఉగాండాలో పని చేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ తన సహచరులతో కలిసి 1972లో ఒక వ్యాసము ప్రకటించినాడు. ముతక ఆహారము తిను ఆఫ్రికా పల్లెవాసుల మలము పరిమాణములో ఎక్కువగాను, మెత్తగాను ఉండి ప్రేగును త్వరగా దాటుననియు, శుద్ధిచేసిన పిండి తిను ఆంగ్లేయులలో అది కొంచెమై, గట్టిపడి, చాల ఆలస్యముగా దాటుననియు చూపినాడు. ఆయన చెప్పిన ప్రతి మాటయు నిలువలేదు గాని పీచుకును మలమునకును గల సంబంధము నిలిచినది.

అన్నము మానవలెనని నేను చెప్పుట లేదు. ఒక పూట జొన్నరొట్టె, లేదా తక్కువ పట్టు పట్టిన బియ్యము, అన్నములోనికి కూరను నలుచుకొనునట్లు గాక కంచములో మూడవ వంతు ఆక్రమించునట్లు తోటకూర, గోంగూర, చిక్కుడు, బీర, పొట్ల, పప్పు, సాయంకాలమునకు జామపండు. రాత్రి మిగిలిన అన్నమును నీటిలో నానవేసి ఉదయమున మజ్జిగతో తినుట మన తాతల అలవాటు. చల్లారిన అన్నములోని పిండి కొంత అరుగుటకు లొంగక పెద్దప్రేగు వరకు పోయి అక్కడి జీవులకు మేతయగును. పీచును ఒక్కసారిగా పెంచరాదు. కడుపు ఉబ్బి, రెండవనాడే మానివేయుదురు. రెండు మూడు వారములలో కొద్దికొద్దిగా పెంచుచు, నీటిని కూడ పెంచవలెను. కవాటములు దెబ్బతిన్న గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు నీటి విషయమును తమ వైద్యుని అడిగియే చేయవలెను.

ఆపుకొనుట

చరకుడు సూత్రస్థానము ఏడవ అధ్యాయములో ఆపరాని వేగములు పదుమూడింటిని చెప్పినాడు. మలవేగమును ఆపినచో పక్వాశయములో నొప్పి, తలనొప్పి, వాయువును మలమును బిగియుట, పిక్కలు పట్టుట, కడుపుబ్బరము కలుగునని ఆయన వాక్యము. పురీషనాళములోనికి మలము రాగానే దాని గోడ సాగి మనకు కబురు పంపును. ఆపుకొన్నచో ఆ కబురు కొంతసేపటికి ఆగిపోవును. మలము వెనుకకు జరిగి, అక్కడ మరింత నీరు పోగొట్టుకొని గట్టిపడును. ఇట్లు నెలల తరబడి చేసినచో గోడ సాగి సాగి కబురు పంపుటయే మరచును.

మా ప్రాంతపు స్త్రీలకు ఈ కష్టము తెలిసినంతగా ఎవరికిని తెలియదు. నాట్లకు, కలుపులకు తెల్లవారకముందే బయలుదేరి పొద్దు క్రుంకువరకు పొలములో ఉందురు. ఇంట మరుగుదొడ్డి ఉన్నను మడిగట్టున లేదు. అందుచే ఆపుకొనుటయే గాక, పోవలసివచ్చునను భయముతో నీరు త్రాగుటయే మానుదురు. బడిలో శుభ్రమైన దొడ్డి లేక ఇంటికి వచ్చువరకు ఓర్చుకొను ఆడపిల్లలును ఇంతే. అట్టివారికి చూర్ణము వ్రాసి ఇచ్చుట నాకు సిగ్గుగా ఉండును. తల్లులకు నా మనవి ఒక్కటే: అమ్మాయిని పావుగంట ముందు లేపి, గోరువెచ్చని నీరు త్రాగించి, ఏదైన తినిపించి, బడి గంటకు ముందే తీరికగా కూర్చుండనిండు. పైన చెప్పిన ఉదయపు కదలిక అప్పుడు అక్కరకు వచ్చును.

కూర్చుండు తీరు కూడ ముఖ్యము. గొంతుక్కూర్చున్నప్పుడు పురీషనాళమునకు ముందునకు వంపు తెచ్చు కండరము సడలి మార్గము తిన్ననగును. కుర్చీ వంటి క్రొత్త దొడ్లలో ఆ వంపు పూర్తిగా పోదు. మోకాళ్ళ నొప్పులచే వాటిని వాడక తప్పనివారు పాదముల క్రింద జానెడు ఎత్తు పీట వేసికొని కొంచెము ముందునకు వంగవలెను. ఇది ఖర్చు లేని చికిత్స. పలువురికి మందుకంటె బాగుగా పని చేసినది.

మందు అవసరమైనచో

ఇసబ్‌గోల్ పొట్టు ఒక పెద్ద చెంచా, నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే త్రాగి, పైన మరియొక గ్లాసు నీరు త్రాగవలెను. నీరు చాలనిచో అది గొంతులోనే ఉబ్బి అడ్డుపడును. మ్రింగుట కష్టమైనవారు వాడరాదు. త్రిఫల చూర్ణము మూడు నుండి ఐదు గ్రాములు రాత్రి గోరువెచ్చని నీటితో సేవింపవచ్చును. సునాముఖి వారమునకు మించి వైద్యుని సలహా లేక వద్దు. గర్భిణులకు ఆముదము పట్టరాదు. ఇనుము మాత్రలు, కొన్ని నొప్పి మందులు, థైరాయిడ్ లోపము, చక్కెర వ్యాధి కూడ మలబద్ధకమును కలిగించును గనుక క్రొత్తగా మొదలైన మలబద్ధకమునకు ముందుగా కారణము వెదకవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. కడుపునొప్పి వచ్చినప్పుడు "కడుపు శుద్ధి" యని పిల్లలకు ఆముదము పట్టు ఆచారము మన ఇండ్లలో ఉన్నది. మన ప్రాంతములో "ఇరువది నాలుగు గంటల నొప్పి" యని పిలుచునది అపెండిక్స్ వాపు. అది మొదట బొడ్డు చుట్టు వచ్చును, ఆకలి మందగించి, వాంతి కావచ్చును, కొన్ని గంటలకు నొప్పి కుడి ప్రక్క క్రిందికి జారి అక్కడ నిలిచి, దగ్గినను నడచినను హెచ్చును, జ్వరము తోడగును. ఈ స్థితిలో విరేచనమునకు మందిచ్చినచో ప్రేగు బలముగా కదలి వాచిన అపెండిక్స్ పగులవచ్చును. చీము కడుపంతయు వ్యాపించి ప్రాణాపాయమగును. ఎనిమాయు అంతే. కారణము తెలియని కడుపునొప్పికి, పొట్ట గట్టిపడి వాయువు కూడ పోనప్పుడు, ఏ విరేచన ఔషధమును ఇవ్వక, నోటికి ఏమియు పెట్టక, శస్త్రచికిత్స వసతి గల ఆసుపత్రికి వెంటనే తీసికొని పోవలెను. తెల్లవారనిమ్మని ఆగరాదు.

మొలలే కదా?

పండితులవారిని పొట్లములన్నియు ఆపమంటిని. మొదటి మూడు దినములు ఏమియు కాకపోవచ్చునని, భయపడవద్దని ముందే చెప్పితిని. ఇసబ్‌గోల్, ఒక పూట జొన్నరొట్టె, కాళ్ళక్రింద పీట – ఇవియే వ్రాసి ఇచ్చితిని. నెలన్నరకు తిరిగి వచ్చినారు. ఐదవ దినమున గాని కాలేదట. ఆ నాలుగు దినములు ఇంట ఎవరిని నిద్రపోనీయలేదని ఆయనే నవ్వుచు చెప్పినారు. ఇప్పుడు దినము విడచి దినము సాఫీగా అగుచున్నది.

లేచి వెళ్ళుచు గుమ్మము వద్ద ఆగి, "మా ఇంటామెకు మూడు నెలల నుంచి దొడ్డికి పోయినప్పుడు రక్తం కనపడుతున్నది. మొలలే కదా! రోడ్డు మీద మొలల వైద్యం బోర్డు చూసి మందు తెచ్చిన, వాడుతున్నది" అన్నారు.

రక్తము మొలలవలన పడవచ్చును. గుదము చీలుటవలన పడవచ్చును. జిగట విరేచనములలో, అనగా మాటిమాటికి కొంచెము కొంచెముగా, జిగురుతో, ముక్కుచు పోవు ప్రవాహికలో పడవచ్చును. పెద్దప్రేగు పుండులోను, లోపలి పొరపై మొలచిన కాయలోను, క్యాన్సరులోను పడును. చూడక చెప్పగలవాడు ఎవడును లేడు. నలువది దాటినవారికి క్రొత్తగా రక్తము పడినను, విరేచనపు అలవాటు మూడు నాలుగు వారములకు మించి మారినను, కారణము లేక బరువు తగ్గినను, రక్తహీనత కనబడినను, తల్లిదండ్రులలో తోబుట్టువులలో ఎవరికైన ప్రేగు క్యాన్సరు వచ్చియున్నను, ముందు పరీక్ష, పిదపనే మందు. మొదట వైద్యుడు చేతి తొడుగు తొడిగి వ్రేలితో చూచును. ఒక్క నిమిషపు పని. సిగ్గుచే దానిని తప్పించుకొనువారు పలువురు. పిదప అవసరమును బట్టి కొలనోస్కోపీ.

పెద్దప్రేగును నిజముగా పూర్తిగా ఖాళీ చేయవలసిన దినము మనిషి జీవితములో ఈ పరీక్ష ముందు దినమే. ఆసుపత్రివారిచ్చిన పొడిని రెండు మూడు లీటర్ల నీటిలో కలిపి త్రాగి, వెలికి వచ్చునది తేటనీరగువరకు పోనీయవలెను. ఆ అమ్మగారు అట్లే చేసినారు. ఎడమవైపు మెలికలో చిన్న కాయ ఒకటి కనబడినది. అట్టివానిలో కొన్ని ఏండ్లు గడచిన పిదప క్యాన్సరుగా మారును. దానిని అదే పరీక్షలో వైరు ఉచ్చు వేసి తీసివేసి ప్రయోగశాలకు పంపినారు. క్యాన్సరు లేదని వచ్చినది. మూడేండ్లకు మరల చూపించుకొమ్మన్నారు. ఆ తేదీని పండితులవారు పంచాంగము వెనుక అట్టపై వ్రాసి, ఇంటిలో గోడకు తగిలించినారు.